తెలీదన్నవాళ్ళకి ముందు వరుస

ఫిబ్రవరి 9

అక్కా,

వారం నుంచి ఫోన్ చేస్తున్నాను, నువ్వు తియ్యవు. నిన్న తీశావు గానీ అవతల ఊపిరి చప్పుడే తప్ప మాట లేదు. అది నీ ఊపిరేనని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ కోపం వస్తే నువ్వు నోరు మూసుకుని ముక్కుతో మాట్లాడతావు.

కోపం ఎందుకో కూడా తెలుసు. పెదనాన్నగారింట్లో అందరం కూర్చున్నప్పుడు ఆ కొత్త అల్లుడు "మీ అక్కగారు ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే, "ఆదివారం ఆదివారం డబ్బాలు దొర్లిస్తుంది" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు, అందుకే ఆ మాట ఇంకోసారి కూడా అన్నాను. ఇంటికొచ్చాక నీ మరదలు నా తాట తీసింది. "భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, పెద్ద ల్యాబులో పరిశోధన చేసిన మనిషిని పట్టుకుని డబ్బాలు దొర్లిస్తుందంటావా? నిన్నెవరైనా కళ్ళద్దాలు తుడుస్తాడంటే ఊరుకుంటావా?" అంది. ఊరుకోనన్నాను.

కానీ అక్కా, ఆ తర్వాత అతన్ని పక్కకి తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పాను. ల్యాబులో రాజకీయాలు చేసి మా అక్కని బయటికి పంపేశారు, లేకపోతే ఈపాటికి తన పేరు పాఠ్యపుస్తకాల్లో ఉండేది అని. ఇన్నేళ్ళుగా ఎవరడిగినా అదే చెబుతున్నాను. నీ పరువు నేను తీసింది ఒక్కసారి, నిలబెట్టింది వందసార్లు. అదీ లెక్కలోకి తీసుకో.

షాపు మామూలే. అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా?" అని అడిగితే సగం మంది బిక్కమొహం వేస్తారు. వెనక ఇంకో ఇద్దరు కూర్చుని ఉంటారు కదా, నేనే "ఇదే బాగుంటుందండీ" అని తేల్చేస్తాను. సరేనని తీసుకెళతారు. వారం తిరక్కుండా తలనొప్పి అంటూ కొందరు మళ్ళీ వస్తారు. మనుషులకి తమ కళ్ళ సంగతి తమకే తెలీదు.

ఫోన్ తియ్యి. తిట్టు, పడతాను.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 16

సర్వజ్ఞుడికి,

"ఇక్కడ నేను క్షేమం" అని మొదలుపెట్టబోయి ఆగాను. ఆ ముక్క రాయడానికి డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు.

కోపం కాదురా, గొంతు లేదు. నీ ఫోన్ తీసింది మాట్లాడదామనే. నోరు తెరిస్తే గాలి వచ్చింది. స్వరతంతువు మీద పెసరగింజంత కాయ పుట్టిందట. వదిలేస్తే పెరుగుతుంది. తీసేస్తే గొంతు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా పాత గొంతు కాకపోవచ్చు. "రాకపోయే అవకాశం ఎంత?" అని కాగితం మీద రాసి చూపించాను. డాక్టరమ్మ కాసేపు ఆలోచించి "తెలియదండీ" అంది. ఆవిడ మీద అప్పుడే గౌరవం కలిగింది. ఏదో ఒకటి తేలేవరకూ ఒక్క మాట మాట్లాడొద్దంది, గుసగుసలు కూడా. ఫోన్లో టైపు చేస్తే నువ్వు బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు, అందుకే ఉత్తరం.

మా సైన్సు కేంద్రం హాలు నువ్వెప్పుడూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను. ఒకప్పుడు సరుకుల గోడౌను. ఎత్తైన కప్పు, బెంచీలు, ముందు ఒక పొడుగాటి బల్ల. ఆదివారం ఉదయం ఎవరైనా రావచ్చు. బల్ల మీద ఒక ప్రయోగం సిద్ధంగా పెడతాను, కానీ చెయ్యను. ముందు ఏం జరుగుతుందో మీరు చెప్పండి అంటాను. ఇలా జరుగుతుందన్నవాళ్ళు చేతులెత్తాలి, తర్వాత అలా జరుగుతుందన్నవాళ్ళు, చివరికి తెలీదన్నవాళ్ళు. ఆ తెలీదన్నవాళ్ళు లేచి వచ్చి ముందు వరుసలో కూర్చోవాలి. ఆ వరుస వాళ్ళకోసమే ఖాళీగా ఉంచుతాం. దగ్గర్నుంచి చూసే హక్కు వాళ్ళది. ఆ తర్వాతే ప్రయోగం. ఇదే నా ఉద్యోగం. నోటితో చేసే ఉద్యోగం, ఆ నోరే ఇప్పుడు మూతపడింది.

కొత్త డైరెక్టరుగారు మర్యాదస్తుడు. నా పాత ప్రదర్శనల వీడియోలు బోలెడు ఉన్నాయట, ఇకమీదట వాటినే పెద్ద తెర మీద వేద్దామంటున్నారు. "మీకు విశ్రాంతి, వాళ్ళకి మీరు" అన్నారు. నేను తల ఊపలేదు. నాకు గొంతు తిరిగి రాకపోతే నా ఆదివారాలు ఆ తెరకే పోతాయి. నాకున్న బెంగ అదొక్కటే.

ఇదిగో, నీకొక ప్రశ్న. ఒకే రకం డబ్బాలు రెండు. ఒకదాన్నిండా నీళ్ళు, ఒకదాన్నిండా కరిగించి పోసి గడ్డకట్టించిన మైనం. వాలుగా పెట్టిన చెక్క మీద నుంచి రెంటినీ ఒకేసారి వదిలితే ఏది ముందు కిందికి వస్తుంది? జవాబు నేను చెప్పనని నీకు తెలుసు.

డబ్బాలు దొర్లించే
అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

నీ ఉత్తరం షాపులో విప్పాను. చదివాక షట్టరు దించేసి లోపల కూర్చున్నాను. నేను మాటన్నందుకు అలిగావనుకుని, నీకు మాటే లేదని తెలియక, వారమంతా ఫోన్ మోగించాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఆపరేషన్ చేయించుకో. ఇందులో ఆలోచించేదేముంది? ఆలస్యం అమృతం విషం. కాయ పోవడం ముఖ్యం, గొంతు తర్వాత. నేను వస్తాను, నీ మరదలూ వస్తుంది.

ప్రశ్నకి జవాబు: మైనం. ఊహించి చెప్పడం లేదు, చేసి మరీ చూశాను. కొవ్వొత్తులు కరిగించి ఒక డబ్బాలో పోశాను, ఇంకోదాన్లో నీళ్ళు. ఇస్త్రీ బల్ల ఒకవైపు ఎత్తి వదిలాను. మైనం తిన్నగా వచ్చింది. నీళ్ళది వంకర పోయి గోడకి కొట్టుకుని, మూత ఊడి, ఇల్లంతా చెరువైంది. నీ మరదలు తుడుస్తూ నీకు తన నమస్కారాలు చెప్పమంది. గట్టి పదార్థానికి ఊపు ఎక్కువ, అంతే. ఇంత చిన్న విషయానికి చేతులెత్తించడం దేనికో!

అసలు చెప్పదలచుకున్నది ఇది. బాధపడకు. ఆలోచిస్తే ఇదీ మన మంచికేనేమో అనిపిస్తోంది. ఇన్నేళ్ళూ జనం ముందు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నావు. ఇప్పుడైనా నీ అసలు చదువు దగ్గరికి వెళ్ళకూడదూ? పరిశోధనకి గొంతెందుకు? పుస్తకం రాయడానికి గొంతెందుకు? అప్పుడు నిన్ను బయటికి పంపినవాళ్ళంతా ఈపాటికి రిటైరై ఉంటారు. ఆదివారాలకి ఎలాగూ వీడియోలున్నాయి. నువ్వు ఇంట్లో కూర్చున్నా నీ గొంతు హాల్లో మోగుతుంది. ఇంతకంటే ఏం కావాలి? డైరెక్టరుగారు దేవుడిలా ఉన్నాడు.

నీ తమ్ముడు


మార్చి 5

తమ్ముడూ,

ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. ఈ నెల మధ్యలో. ఎవరూ రావద్దు. పక్కింటి నర్సమ్మ చూసుకుంటుంది. మీరొస్తే నాకు మాట్లాడాలనిపిస్తుంది.

నీళ్ళ డబ్బా వంకరగా ఎందుకు పోయిందో చూసుకున్నావా? నొక్కు పడి ఉంటుంది. నొక్కు పడ్డ డబ్బాతో పందెం పెట్టి మైనాన్ని గెలిపించావు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని అమ్మ నిన్నెందుకు అనేదో గుర్తుందా? మంచి డబ్బా తీసుకుని మళ్ళీ చెయ్యి.

ఇక నా "అసలు చదువు" సంగతి. నన్నెవరూ బయటికి పంపలేదురా. ఇన్నేళ్ళుగా ఊరూవాడా అలా చెబుతున్నావని నీ మొదటి ఉత్తరంతోనే తెలిసింది. ఆ ల్యాబువాళ్ళు మంచివాళ్ళు. వెళ్ళొద్దని బతిమాలారు కూడా. నేనే వచ్చేశాను.

ఏం జరిగిందో చెబుతాను. ఏడాదికొకసారి ల్యాబు తలుపులు జనానికి తెరిచేవాళ్ళు. ఆ సంవత్సరం చూపించే పని నాకు పడింది. మా చలి యంత్రం పక్కన నిలబడి, లోకంలో ఇంతకంటే చల్లని చోటు దాదాపు లేదని పొద్దున్నుంచీ చెబుతున్నాను. జనం వస్తున్నారు, వింటున్నారు, తల ఊపుతున్నారు, వెళ్ళిపోతున్నారు. ఒక్కరూ ఏమీ అడగలేదు. నాకు ఉత్సాహం పెరిగి ఇంకా గట్టిగా చెప్పాను. వాళ్ళు ఇంకా గట్టిగా తల ఊపారు. మధ్యాహ్నం ఒక పెద్దాయన అందరిలో నిలబడి "అమ్మా, నాకొక్క ముక్క అర్థం కాలేదు" అన్నాడు. మిగతావాళ్ళు ఆయన వైపు, ఏదో తప్పు చేసినవాణ్ణి చూసినట్టు చూశారు. ఆయన సిగ్గుపడి బయటికి వెళ్ళిపోయాడు. నేను పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను. యంత్రం పక్కనే కుర్చీ వేసి, ల్యాబు మూసేదాకా ఆయన ఒక్కడికే చెప్పాను. చెప్పాననడం తప్పు. ఆయన అడిగాడు, నేను తడబడ్డాను. నాకూ సరిగ్గా తెలియని చోట్లు ఎన్నో ఆయన ప్రశ్నల్లో బయటపడ్డాయి. చలి గదిలో గడిపిన ఏళ్ళన్నిటిలోనూ నాకంత సంతోషం కలిగిన రోజు లేదు. ముందు వరుస ఆ కుర్చీతోనే మొదలైంది.

అందుకని వీడియో గొప్పదని నాకు చెప్పకు. తెర మీద నేను చేతులెత్తమని అడుగుతాను, ఎత్తిన చేతులు నాకు కనిపించవు.

దయచేసి ఈ విషయంలో నువ్వేమీ చెయ్యకు. డైరెక్టరుగారితో నేనే మాట్లాడతాను, అంటే రాస్తాను.

అక్క


మార్చి 6

అక్కా,

నీ దగ్గర్నుంచి జవాబింకా రాలేదు గానీ ఒక శుభవార్త ఆపుకోలేక రాస్తున్నాను. నీ తరపున ఒక మంచి పని చేశాను.

నీ సంగతి నాకు తెలుసు. నీ అంతట నువ్వు విశ్రాంతి కావాలని చచ్చినా అడగవు. అడగందే అమ్మైనా పెట్టదు కదా. అందుకని మీ డైరెక్టరుగారికి నేనే రాశాను. మా అక్క మొహమాటస్తురాలు, ఒప్పుకోనట్టు కనిపించినా వీడియోల ఆలోచన ఆమెకీ మా కుటుంబానికీ సమ్మతమే, వెంటనే మొదలుపెట్టండి అని. బాగా కుదిరింది ఉత్తరం. నీ మరదలికి చదివి వినిపిస్తే ఆమె ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే చాలా బాగుందన్నమాట.

ఇక నువ్వు నిశ్చింతగా ఆపరేషన్ చేయించుకో.

నీ తమ్ముడు


ఏప్రిల్ 22

తమ్ముడూ,

నీ శుభవార్త ఆపరేషన్‌కి ముందు రోజు అందింది. మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయన్నమాట. జవాబు రాయకపోవడానికి కారణం మత్తుమందు కాదు. ఈసారి నిజంగానే కోపం.

ఆపరేషన్ బాగా జరిగింది. కాయ పోయింది, అది చెడ్డ కాయ కాదని పరీక్షలో తేలింది. అంతవరకూ మీరిద్దరూ స్థిమితపడండి. గొంతు మాత్రం రాలేదు. మొన్న మొదటిసారి మాట్లాడమన్నారు. నా పేరు చెప్పబోతే పిల్లనగ్రోవిలో చిల్లులన్నీ ఒకేసారి వదిలేసినట్టు గాలి పోయింది. పక్కన కూర్చున్న మనిషికి వినిపిస్తుంది, అంతకుమించి లేదు. ఇంకా మెరుగవుతుందా అని అడిగితే డాక్టరమ్మ పాత మాటే అంది.

డైరెక్టరుగారు ఆసుపత్రికి పూలు తెచ్చి, "మీ తమ్ముడుగారు రాశాక నా మనసు తేలికపడింది" అన్నారు. కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. కలం కోసం వెతుక్కునే లోపల ఆయన వెళ్ళిపోయారు. వీడియో ఆదివారాలు మొదలయ్యాయి.

పోయిన ఆదివారం వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. తెర మీద నేను. జుట్టు నల్లగా, గొంతు గంటలా. ముందు నాకే ముచ్చటేసింది. తర్వాత ఆ మనిషి "తెలీదన్నవాళ్ళు చేతులెత్తండి" అంది. హాల్లో ఒక మూల ఒక అమ్మాయి చెయ్యెత్తింది. తెర మీది నేను ఇంకెటో చూసి, ఎప్పుడో ఎత్తిన ఎవరి చేతుల్నో చూసి నవ్వి, "రండి, ముందుకి రండి" అంది. ఈ అమ్మాయి సగం లేచింది. తనని పిలవలేదని అర్థమై మళ్ళీ కూర్చుని, చుట్టూ చూసి, చెయ్యి ఒళ్ళో దాచుకుంది. ముందు వరుస ఖాళీగానే ఉంది. నాకు లేచి అరవాలనిపించింది. ఇన్నాళ్ళలో గొంతు లేదని ఏడ్చింది ఆ ఒక్కసారే.

మర్నాడు డైరెక్టరుగారికి పెద్ద ఉత్తరం రాసిచ్చాను. ఆయన చాలా నొచ్చుకున్నారు. "గొంతు లేకుండా ఎలా చేస్తారండీ?" అన్నారు. తెలీదని రాశాను. చివరికి ఒక్క ఆదివారం ఇచ్చారు, వచ్చే నెల రెండోది. తెర మాత్రం సిద్ధంగా దించి ఉంచుతారట. మధ్యలో నేను తడబడితే స్విచ్ వేసి వీడియో నడిపిస్తారు. అలా జరిగితే ఇక హాలు తెరదే. నేను ఒప్పుకున్నాను.

నువ్వు రావద్దు. కోపం తగ్గాక చెబుతాను.

అక్క


ఏప్రిల్ 28

అక్కా,

కాయ చెడ్డది కాదన్న ముక్క నీ మరదలు పైకి రెండుసార్లు చదివింది. మిగతాది నేనే చదువుకున్నాను. ఆరోజు ఆమె ఎందుకు ఏమీ అనలేదో ఇప్పుడడిగాను. "నువ్వడిగితే కదా" అంది.

తప్పయిపోయింది. నీ నోరు మూతపడిందని తెలిసీ నీ బదులు నేనే మాట్లాడేశాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. అందుకని నాకు చేతనైన పని చేస్తున్నాను.

ఎలా చేస్తానో తెలీదన్నావు. బోర్డు మీద రాస్తావనుకుంటాను. అక్షరాలు ఎంత దూరం నుంచి కనిపిస్తాయన్నది నా అన్నం. చివరి బెంచీకి కనిపించాలంటే ప్రతి అక్షరం నీ అరచేతి అంత ఎత్తుండాలి. సుద్ద పడుకోబెట్టి లావుగా రాయి. వరసకీ వరసకీ మధ్య ఇంకో వరస పట్టేంత ఖాళీ వదులు. తెల్లసుద్దే వాడు, రంగులు దూరానికి కలిసిపోతాయి. ఒకసారికి ఒక్క వాక్యమే రాయి. కిటికీ వెలుగు బోర్డు మీద మెరవకుండా పక్కకి తిప్పు. ఇంట్లో గోడ మీద రాసి, వీధి అవతలికి వెళ్ళి చూసుకో.

కొత్త డబ్బాలు కొని మళ్ళీ చేశాను. నీళ్ళే ముందొచ్చాయి. ఎన్నిసార్లు చేసినా నీళ్ళే. ఎందుకో నువ్వు చెప్పవు.

తమ్ముడు


మే 4

అరచేతి అంత అక్షరాలు వీధి అవతల నుంచి చక్కగా కనిపించాయి. అటుగా పోతున్న పాలబ్బాయి ఆగి చదివి, జవాబు కూడా చెప్పి వెళ్ళాడు.

అక్క


మే 12

అక్కా,

రావద్దన్నావు. వచ్చాను.

వెనక గోడ పక్కన, స్తంభం చాటున కూర్చున్నాను. నువ్వు చూడవనుకున్నాను. హాలు నిండింది. డైరెక్టరుగారు తలుపు దగ్గర, స్విచ్చుల పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన్ని గుర్తుపట్టడం కష్టం కాలేదు, నాకంటే ఎక్కువ చెమటలు పడుతున్నాయి.

నువ్వొచ్చావు. గొంతు మీద చెయ్యి పెట్టి చూపించి, బోర్డు వైపు తిరిగి రాశావు. "ఈ రోజు నాకు గొంతు లేదు. ఎవరైనా పైకి చదవండి." అక్షరాలు నా షాపులో కంటిపరీక్ష పట్టికలా స్పష్టంగా ఉన్నాయి. కానీ ఎవరూ చదవలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. నువ్వు సుద్ద పట్టుకుని అలాగే నిలబడ్డావు. డైరెక్టరుగారి చెయ్యి స్విచ్ మీదికి వెళ్ళింది. నేనే లేచి చదివేద్దామనుకున్నాను. లేచి నిలబడ్డాను కూడా. మార్చిలో చేసిన నిర్వాకం గుర్తొచ్చి, స్తంభం పట్టుకుని కూర్చున్నాను. అక్కా, నోరు మూసుకుని ఊరుకోవడం ఎంత కష్టమో ఆ నిమిషంలో తెలిసింది.

అప్పుడు మధ్య బెంచీలోంచి ఒకావిడ చదివింది. బస్సు డ్రైవరట, తర్వాత చెప్పింది. ఆ తర్వాతి వాక్యం ఇంకెవరో చదివారు, దాని తర్వాతది పదిమంది ఒకేసారి. నీళ్ళు ముందా, మైనం ముందా అని రాసి నువ్వు చేతులు కట్టుకున్నావు. ఇక మొదలైంది. ముందు గుసగుసలు, తర్వాత వాదనలు. ఒకాయన అలవాటుగా "ష్, నిశ్శబ్దం" అంటే నువ్వు చెయ్యి ఊపి వద్దన్నావు. సంతలా అయిపోయింది. డబ్బాలు దొర్లాయి, నీళ్ళు గెలిచాయి. ఎందుకని మళ్ళీ గొడవ. ఆ డ్రైవరమ్మే లేచి, "మైనం డబ్బాతో పాటు తనూ తిరగాలండీ. నీళ్ళు తిరగవు, డబ్బాని తిరగనిచ్చి తాము ఊరికే ముందుకి పోతాయి" అంది. నేను ఇంట్లో పదిసార్లు చేసినా తట్టని ముక్క. నువ్వు అవుననలేదు, కాదనలేదు. అందరూ ఆలోచిస్తుంటే సంతోషంగా చూస్తూ ఉన్నావు.

తర్వాత మూడో డబ్బా తీశావు. ఇందులో సగం తేనె, సగం ఖాళీ అని రాశావు. వాలు తగ్గించావు. ఎలా వస్తుంది? తిన్నగా నెమ్మదిగా వస్తుందన్నవాళ్ళు చేతులెత్తారు. అసలు కదలదు అన్నప్పుడు నా చెయ్యి సగం లేచింది. తేనె అడుగున అతుక్కుని డబ్బాని పట్టేస్తుంది, ఇందులో ఆలోచించేదేముంది అనుకున్నాను. ఆ మాట మనసులో అనుకోగానే ఉలిక్కిపడ్డాను. నీ ఆపరేషన్ గురించి రాసిందీ అదే మాట. డైరెక్టరుగారికి రాసినప్పుడూ ఇంతే గట్టి నమ్మకం. షాపులో "ఇదే బాగుంటుందండీ" అని నేను పంపిన తలనొప్పులన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. చెయ్యి దించేశాను.

తెలీదన్నవాళ్ళు అని బోర్డు మీద రాశావు. ఎత్తాను.

నువ్వు ఒక్కొక్క చేతినీ చూస్తూ వచ్చి, స్తంభం దగ్గర ఆగావు. మొహంలో ఏమీ కనిపించలేదు. మిగతావాళ్ళని పిలిచినట్టే వేలు చూపించి ముందు వరుసకి రమ్మన్నావు. జనం మధ్యలోంచి నడిచి వచ్చాను. బల్లకి ఎదురుగా కూర్చున్నాను.

డబ్బా వదిలావు. కొంచెం దొర్లి, ఆగిపోయింది. "అంతే, అయిపోయింది" అని వెనకనుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. నువ్వు ముట్టుకోలేదు. కాసేపటికి అదే మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది. ఏదో గుర్తు తెచ్చుకుంటున్న ముసలమ్మలా, ఆగి, కదిలి, ఆగి, కదిలి, చివరికంటా వచ్చింది. ఆగిన ప్రతిసారీ హాలంతా ఊపిరి బిగబట్టింది. కిందికి చేరగానే "ఎందుకు? ఎందుకలా ఆగుతోంది?" అని ఒక పెద్ద గొంతు అరిచింది. తిరిగి చూస్తే డైరెక్టరుగారు. స్విచ్ వదిలేసి హాలు మధ్యలోకి వచ్చేశాడు. నువ్వు ఆయనకీ ముందు వరుస చూపించావు. నా పక్కనే కూర్చున్నాడు.

అయిపోయాక నీ చుట్టూ జనం. నేను వచ్చేశాను. అలిగి కాదు. నువ్వు మాట్లాడలేవు. అక్కడుంటే అంతా నేనే మాట్లాడతాను, మళ్ళీ పాత కథే అవుతుంది. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను.

ఇవాళ షాపులో ఒక ముసలాయన "రెండూ ఒకేలా ఉన్నాయి బాబూ" అన్నాడు. తొందరేం లేదండీ, చూసుకోండి అన్నాను. చాలాసేపు చూసుకున్నాడు. వెనక కూర్చున్నవాళ్ళు విసుక్కున్నారు. చివరికి నేను అనుకున్నది కాకుండా రెండోది బాగుందన్నాడు. అదే ఇచ్చాను.

నిన్ను నేను ఇన్నేళ్ళూ చూడనే లేదక్కా. దానికి నన్ను తిట్టు.

తమ్ముడు


మే 20

తమ్ముడూ,

తిట్టను. తిట్టడానికి గొంతు కావాలి, కాగితం మీద తిడితే కిక్కుండదు.

డైరెక్టరుగారు తెరని వరండాలోకి మార్పించారు. హాల్లో ఆదివారాలు నావే, సుద్దతోనే. ఆయన ఇప్పుడు తన గదిలో తేనె డబ్బా పెట్టుకుని, ఫైళ్ళ మధ్య దొర్లిస్తున్నారని గుమాస్తా ఫిర్యాదు చేశాడు. గొంతు అలాగే ఉంది. డాక్టరమ్మ ఇంకా తెలియదనే అంటోంది. బాధ లేదని అబద్ధం ఆడను. నా పాత గొంతంటే నాకిష్టం, అది పోయింది.

కానీ ఒకటి చెప్పాలి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా. నేనెవర్నీ లోకువ చెయ్యలేదనుకుంటూ వచ్చాను. జనాన్ని అడుగుతానే గానీ, వాళ్ళు నోరు విప్పే లోపల మళ్ళీ నేనే అందుకునేదాన్ని. ఆ డ్రైవరమ్మ చాలా ఏళ్ళుగా వస్తోందిరా. ఆవిడ గొంతు నేను మొన్ననే మొదటిసారి విన్నాను.

స్తంభం చాటున దాక్కున్నాననుకున్నావు. హాల్లోకి అడుగుపెట్టినప్పుడే చూశాను. బోర్డు దగ్గర అంతసేపు కదలకుండా నిలబడింది ధైర్యంతో అనుకున్నావేమో. నువ్వు లేచి చదివేస్తావేమోనన్న భయంతో. నువ్వు కూర్చున్నాకే నాకు ఊపిరాడింది.

తర్వాత చేతులు చూస్తూ వచ్చి నీ చెయ్యి దగ్గర ఆగాను. తెలీదన్న చేతుల్లో నీ చెయ్యి. చిన్నప్పుడు లెక్క రాకపోయినా వచ్చిందని చెప్పి దెబ్బలు తిన్నవాడివి. ఆ క్షణంలో నాకు గొంతున్నా మాట వచ్చేది కాదు.

ఈసారి ఆ అల్లుడుగారు కనిపిస్తే, మా అక్క డబ్బాలు దొర్లిస్తుందనే చెప్పు. అది నిజమే. చెప్పి ఊరుకోకు. ఏ డబ్బా ముందొస్తుందో అడిగి, నువ్వు మాట్లాడకుండా ఆగు. తెలీదంటే నా దగ్గరికి తీసుకురా. ముందు వరుసలో నీ పక్కన చోటుంచుతాను.

అక్క